ఎక్కడ నొప్పి అని అడిగినప్పుడు

2023 మే నెలలో, ఉలవపాడు దగ్గర, పదహారో నంబరు జాతీయ రహదారి మీద నేను ఒక మనిషిని కారుతో గుద్దాను. తప్పు పూర్తిగా నాది. ఆ మాట పోలీసులకు చెప్పాను, కోర్టులో చెప్పాను, ఆయన భార్య ముందు నిలబడి చెప్పాను. ఇక్కడ రాయదలచుకున్నది మాత్రం ఇంతవరకు నేను బహిరంగంగా చెప్పని సంగతి. ఆ రోజు నాకూ దెబ్బ తగిలింది. దాన్ని దాదాపు ఆరు గంటలపాటు నర్సు దగ్గర, కానిస్టేబులు దగ్గర, చివరికి నా భార్య దగ్గర కూడా దాచాను. దాచినందువల్ల నా ప్రాణం మీదకు వచ్చింది. ప్రమాదానికి కారణమైనవాడు తనకు కూడా వైద్యం కావాలని నోరు తెరిచి అడగవచ్చా అన్న ప్రశ్న ఆ ఆరు గంటలూ నా గొంతుకు అడ్డం పడింది. నాలాగే ఎవరో ఒకరు ఏదో ఒక ఆస్పత్రి వరండాలో ఇదే ప్రశ్నతో నిలబడి ఉంటారన్న ఆలోచన నన్ను వదలడం లేదు కనుక ఇది రాస్తున్నాను.

నేను కావలిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెబుతాను. ముందు రోజు రాత్రి ఒంగోలులో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకు. రాత్రంతా కూర్చుని, అక్షింతలు వేసి, కాఫీ తాగి, "కాసేపు నడుం వాల్చి పోరాదా అబ్బాయ్" అని పెద్దమ్మ అంటున్నా వినిపించుకోకుండా, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని అయిదున్నరకల్లా బయలుదేరాను. మా ఆవిడ అంతకు ముందు రోజే పిల్లను తీసుకుని రైల్లో వెళ్ళిపోయింది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర ఆగినట్టు గుర్తుంది. సింగరాయకొండ వచ్చినట్టు, పోయినట్టు గుర్తు లేదు. నిద్ర నన్ను అప్పటికే పట్టుకున్నదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు గాని, ఆ సమయంలో నాకు అది తట్టలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. నా రెప్ప ఎన్ని సెకన్లు వాలిందో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా టీవీఎస్ బండి, దాని వెనక రెండు పక్కలా వేలాడుతున్న మామిడికాయల బుట్టలు కనిపించాయి.

ఉలవపాడు మామిడికి పేరు. వేసవి వచ్చిందంటే హైవే పక్కన పందిళ్ళు వేసి బంగినపల్లి కాయలు రాసులు పోస్తారు. ఆయన తోటలో కోసిన కాయలను ఆ పందిళ్ళకు చేరవేస్తున్నారు. నా కారు బండిని వెనక నుంచి తగిలి, ఆయన్ని ఎడమ పక్కకు విసిరివేసి, తానుపోయి రోడ్డంచున ఉన్న ఇనుప రెయిలింగుకు కొట్టుకుని ఆగింది. బెల్టు పెట్టుకుని ఉన్నాను కాబట్టి తల అద్దానికి తగలలేదు. స్టీరింగు కింది అంచు మాత్రం ఎడమ డొక్కలో గట్టిగా పొడిచింది. ఊపిరి ఆగిపోయి, మళ్ళీ వచ్చింది. దిగి పరుగెత్తాను. రోడ్డంతా కాయలు. ఆయన కుడి కాలు మోకాలి కింద ఉండవలసిన తీరులో లేదు. ఆయన కేకలు వేయడం లేదు. మట్టి పట్టిన చేతిని ఎత్తి, చెదిరిపోయిన కాయలకేసి చూపిస్తూ, "కాయలు, కాయలు" అంటున్నారు. ఆ మాట ఇప్పటికీ కొన్ని రాత్రులు నన్ను లేపుతుంది.

జనం పోగయ్యారు. ఇద్దరు కుర్రాళ్ళు నా చొక్కా పట్టుకున్నారు. ఒకరు కారు తాళాలు లాక్కున్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. పందిరిలో నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం, "ముందు ఆయన్ని ఆస్పత్రికి జేర్చండిరా, వీడి సంగతి తర్వాత జూద్దాం" అని గద్దించారు. 108కి ఫోను చేస్తే వాహనం వేరే కేసు మీద ఉందని, రావడానికి కొంత సమయం పడుతుందని అన్నారు. కాయల లోడుతో ఆగి ఉన్న టాటా ఏస్‌ను అక్కడికక్కడే ఖాళీ చేశారు. ముసలాయనే కాయల అట్టపెట్టె ఒకటి చించి, రెండు ముక్కలను కాలికి రెండు వైపులా పెట్టి, తన తువ్వాలుతో కదలకుండా కట్టారు. ఎముక విరిగిన చోటికి పైనా కిందా ఉన్న కీళ్ళు కదలకుండా కట్టాలన్నది ప్రథమ చికిత్స పాఠం. ఆయనకు అది ఎవరు నేర్పారో గాని, తరువాత చూసిన డాక్టర్లు కూడా ఆ కట్టును మెచ్చుకున్నారు. నేను కూడా ఆ బండి ఎక్కాను. ఎక్కేటప్పుడు చెయ్యి పైకెత్తి పట్టుకోబోతే ఎడమ పక్కటెముకల్లో కత్తి దిగినట్టయింది. పెదవి కరచుకున్నాను.

మొదట ఆగిన ప్రైవేటు ఆస్పత్రిలో కౌంటరు దగ్గరి మనిషి గుమ్మం దాటి బయటకు కూడా రాలేదు. "పోలీసు కేసండీ, మేం ముట్టుకోకూడదు, గవర్నమెంటాస్పత్రికి తీసుకుపోండి" అన్నాడు. పేరు రాయను. అది ఒక్క చోట వినే మాట కాదు, రోడ్డు ప్రమాదాల్లో ఇరుక్కున్నవాళ్ళు చాలామంది వినివున్న మాటే. కాని అది చట్టం ఒప్పుకోని మాట. 1989 ఆగస్టులో సుప్రీంకోర్టు పరమానంద కటారా కేసులో ఈ విషయం తేల్చి చెప్పింది. వేగంగా వచ్చిన కారు ఒక స్కూటరు మనిషిని గుద్దింది. దగ్గరి ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు చూడలేదు, ఇలాంటి కేసులు చూసే అధికారం ఉన్న ఆస్పత్రి 20 కిలోమీటర్ల దూరంలో ఉందని పంపించేశారు, దారిలోనే ఆయన ప్రాణం పోయింది. పత్రికలో వచ్చిన ఆ వార్త ఆధారంగానే ఆ వ్యాజ్యం నడిచింది. ప్రాణం కాపాడడం ప్రతి వైద్యుని బాధ్యతని, అది ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా పోలీసు లాంఛనాల కోసం చికిత్స ఆగకూడదని కోర్టు చెప్పింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం, జీవించే హక్కు, దానికి పునాది. ఆ అధికరణాన్ని నేను పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. ఆ ఉదయం కౌంటరు ముందు నాకు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. బండి తిప్పమన్నాను.

ప్రభుత్వ ఏరియా ఆస్పత్రిలో వెంటనే చూశారు. ఆయనకు సెలైను పెట్టి, నొప్పికి ఇంజెక్షను, టీటీ ఇంజెక్షను ఇచ్చి, ఎక్స్‌రే తీసి, మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయని, ఒంగోలు పంపాలని చెప్పారు. ఆ సందట్లోనే ఒక నర్సు నా దగ్గరకు వచ్చి, "కారులో ఉన్నది మీరే గదా, మీకేమన్నా దెబ్బలా?" అని అడిగింది. లేవన్నాను. ఆమె నా మాట నమ్మక మణికట్టు పట్టుకుని నాడి చూసింది. 78. బాగానే ఉందని వెళ్ళిపోయింది. ఆ నాడి బాగుండడం వెనుక కారణం ఒకటి ఉందని నాకు తరువాత తెలిసింది. నాలుగేళ్ళుగా రక్తపోటుకు అటెనలాల్ మాత్ర వేసుకుంటున్నాను. ఆ జాతి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఒంట్లో రక్తం కారిపోతున్నప్పుడు మామూలు మనిషి నాడి వందా నూట ఇరవైకి పరుగెత్తి ప్రమాదాన్ని బయటపెడుతుంది. ఈ మాత్ర వేసుకునేవారిలో ఆ హెచ్చరిక అణిగిపోతుంది. అది నాకు అప్పుడు తెలియదు. మాత్ర సంగతి చెప్పి ఉంటే ఆమెకు అనుమానం వచ్చి ఉండేదేమో. ఆమె వైపు ఏ లోపమూ లేదు. అడిగింది, నేనే చెప్పలేదు.

ఒంగోలు పెద్దాసుపత్రిని జనం ఇప్పటికీ రిమ్స్ అనే అంటారు. మేము 108లో అక్కడికి చేరేసరికి తొమ్మిది దాటింది. ఆయన్ని క్యాజువాలిటీలోకి తీసుకుపోయారు. ఆయన భార్య, తల్లి, బావమరిది ఆటోలో వచ్చారు. నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. కూర్చోవడానికి బెంచీ ఉంది, ఖాళీగానే ఉంది. దాని మీద కూర్చోవడం కూడా నాకు తగదనిపించింది. ఆస్పత్రి అవుట్‌పోస్టు కానిస్టేబులు వచ్చి వివరాలు రాసుకుని, బ్రీత్ ఎనలైజరు ఊదించి, సున్నా వచ్చిందని రాసుకుని, "మీకు దెబ్బలేమన్నా ఉంటే మీ పేరు గూడా ఎం.ఎల్.సి.లో రాయించుకోండి సార్" అన్నాడు. పోలీసు కేసయ్యే గాయాలను డాక్టరు నమోదు చేసే మెడికో లీగల్ రికార్డు అది. అవసరం లేదన్నాను. మా ఆవిడ ఫోను చేసి, "మీకేం కాలేదు కదండీ?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఏం కాలేదన్నాను.

ఎందుకు దాచానని తరువాత అందరూ అడిగారు. నాకు నేను చెప్పుకున్న కారణాలు అప్పటికప్పుడు ఎంతో ధర్మంగా కనిపించాయి. కాలు విరిగిన మనిషి లోపల మూలుగుతుంటే, నడవగలిగిన నేను నాకూ నొప్పి అనడం సిగ్గులేనితనమనుకున్నాను. ఆయన భార్య నా వైపు చూస్తున్నది. ఇప్పుడు నేను పొట్ట పట్టుకుని కూలబడితే అది తప్పించుకోవడానికి వేసే వేషమని ఆమె అనుకుంటుందని భయపడ్డాను. ఒక్కడే డాక్టరు ఉంటే ఆ డాక్టరు ఆయన్ని వదిలి నన్ను చూడవలసి వస్తుందేమోనన్నది మరొక లెక్క. వీటన్నిటి అడుగున, నొప్పి పడడం నాకు న్యాయమేనన్న భావన కూడా ఉంది. దాన్ని ఇప్పుడు పేరు పెట్టి చెప్పగలుగుతున్నాను గాని, ఆ పూట అది నాకు పశ్చాత్తాపంలాగే అనిపించింది. నా నొప్పివల్ల ఆయన కాలికి రవ్వంత ఉపశమనం కలగలేదు. పైగా నేను అక్కడే పడిపోయి చనిపోయి ఉంటే, ఆయన నష్టపరిహారం కేసు మరింత చిక్కుపడేది, ఇద్దరి కుటుంబాలకూ దిక్కుతోచేది కాదు.

పదకొండు ప్రాంతంలో ఎడమ భుజం నొప్పి మొదలైంది. భుజానికి దెబ్బ తగల్లేదు. బెల్టు కుడి భుజం మీద నుంచి వస్తుంది, ఎడమ భుజాన్ని తాకదు కూడా. చొక్కా పక్కకు లాగి చూసుకుంటే కమిలిన గుర్తు లేదు. భుజం మొనలో లోపల నుంచి ఎవరో మేకు దిగగొడుతున్నట్టు ఉంది. ఆపైన విపరీతమైన దాహం. రెండు సీసాల నీళ్ళు తాగాను. మే నెల ఎండ కదా అనుకున్నాను. చెమట పట్టింది. అదీ ఎండేననుకున్నాను. ఒకసారి కళ్ళు తిరిగితే తప్పనిసరై ఆ బెంచీ మీద కూర్చున్నాను, కూర్చుని వెనక్కి వాలగానే భుజం నొప్పి రెట్టింపైంది. ముందుకు వంగి మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకున్నాను.

నన్ను పట్టుకున్నది స్ట్రెచర్లు తోసే ఒక ఉద్యోగి. యాభై దాటిన మనిషి. రెండుసార్లు నా ముందు నుంచి అటూ ఇటూ పోయి, మూడోసారి ఆగి, నా చెయ్యి తాకి చూసి, "చెయ్యి మంచుగడ్డలాగా ఉండాది, ఈ ఎండలో ఇదేంది సారూ" అని, నా జవాబు కోసం చూడకుండా లోపలికి కేకేశాడు. బయటికి వచ్చిన డాక్టరమ్మ హౌస్ సర్జను, మా కళాశాల నుంచి అయిదారేళ్ళ కిందట వెళ్ళిన పిల్లల వయసు ఉంటుంది. ఎక్కడ నొప్పి అని అడిగింది. నాకేం లేదమ్మా, ఆయన సంగతి చూడండి అన్నాను. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు గాని, గట్టిగా చెప్పింది: "ఆయన్ని చూసేవాళ్ళు చూస్తున్నారు. తప్పెవరిదని నేను అడగలేదండీ, నొప్పెక్కడని అడిగాను."

చెప్పాను. డొక్క, భుజం, దాహం, కళ్ళు తిరగడం. మాత్రలు ఏమైనా వాడుతున్నారా అంటే అటెనలాల్ పేరు చెప్పాను. పడుకోబెట్టి ఎడమ పక్కటెముకల కింద నొక్కితే పైకి లేచిపోయాను. బీపీ 90కి 60. రోజూ 140 ఉండే నాకు అది చాలా తక్కువ. నిమిషాల్లో మంచం పక్కకే మెషీను తెచ్చి పొట్ట స్కానింగు చేశారు. తెర మీద ప్లీహం చుట్టూ నల్లటి పట్టీలాగా కనిపించింది. అది రక్తమని చెప్పారు. తరువాత తీసిన సీటీ స్కానులో ఎడమవైపు తొమ్మిదో, పదో పక్కటెముకలు విరిగాయని, ప్లీహం మూడో గ్రేడు స్థాయిలో చిట్లిందని తేలింది.

ప్లీహం గురించి పుస్తకంలో చదవడమే గాని నాకు ఏమీ తెలియదు. పల్లెల్లో పెద్దవాళ్ళు జ్వరాలు ముదిరిన పిల్లలకు కడుపులో బల్ల పెరిగిందనేవారు. ఆ బల్ల ఇదే. ఎడమ డొక్కలో, తొమ్మిది నుంచి పదకొండో పక్కటెముక వరకు చాటున, పిడికిలంత ఉంటుంది. మెత్తటిది, రక్తంతో నిండినది. దెబ్బకు చిట్లితే పైకి ఒక్క చుక్క కూడా కనిపించకుండా లోపలే కారుతుంది. కొందరిలో పైపొర కొంతకాలం పట్టి ఉంచి, రోజుల తరువాత ఒక్కసారిగా పగులుతుంది. కారిన రక్తం పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం అనే పొరను రాపిడి చేస్తుంది. ఆ పొర నుంచి పోయే నరమూ, భుజం నుంచి పోయే నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకే చోట కలుస్తాయి కాబట్టి మెదడు ఆ బాధను భుజానిదిగా లెక్క కడుతుంది. పడుకుంటే రక్తం డయాఫ్రం వైపు చేరుతుంది గనుక నొప్పి పెరుగుతుంది. ఎండ దెబ్బ అని నేను సర్దిచెప్పుకున్న ప్రతి లక్షణానికీ ఇలా ఒక వివరణ ఉంది. ఢీకొన్నప్పుడు కారులో ఉన్నవారెవరైనా, నడుస్తున్నాను కదా అని ధీమా పడకుండా, డొక్క నొప్పి గాని, దెబ్బ తగలని భుజంలో నొప్పి గాని ఉంటే ఆ మాటను డాక్టరు చెవిన వేయాలని నా ప్రార్థన.

ఒకప్పుడు ఇలాంటప్పుడు ప్లీహాన్ని తీసివేసేవారట. తీసివేస్తే మనిషి బతుకుతాడు గాని, కొన్ని సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి జీవితాంతం తగ్గిపోతుంది, దానికి టీకాలు వేయించుకోవాలి. రోగి నిలకడగా ఉంటే ఇప్పుడు కోయకుండా కనిపెట్టి ఉండడానికే ముందు ప్రయత్నిస్తారు. నాకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆరు గంటలకొకసారి రక్తం తీసి హిమోగ్లోబిన్ చూశారు. మొదటి రోజు 8.2కి పడిపోయి, రెండో రోజు ఆగి, మూడో రోజు నుంచి నెమ్మదిగా పెరిగింది. మంచం దిగనివ్వలేదు. ఎనిమిది రోజులున్నాను. మూడు నెలలపాటు బరువులెత్తవద్దని, బైకు ఎక్కవద్దని చెప్పి పంపారు. నా రక్తానికి బదులుగా రక్తమిచ్చినవారిలో ఆ పెళ్ళికొడుకు తమ్ముడు ఒకడు. ముందు రోజు రాత్రి వాడి పేరు కూడా నాకు తెలియదు.

మంచం మీద ఉన్న రోజుల్లోనే ఫోనులో ఆ 1989 తీర్పును మళ్ళీ చదివాను. కౌంటరు ముందు గుర్తుకు రాని సంగతికంటే ముఖ్యమైనది అందులో ఇంకొకటి ఉంది, ఇన్నేళ్ళూ పాఠం చెబుతూ నేను దాటవేసిన వాక్యం. గాయపడినవాడు నిర్దోషి అయినా, చట్టప్రకారం శిక్షకు పాత్రుడైన నేరస్థుడైనా, ప్రాణం నిలబెట్టడం వైద్యుల బాధ్యత అని న్యాయమూర్తులు స్పష్టంగా రాశారు. నిర్దోషి బతకాలి, దోషి కూడా శిక్ష అనుభవించడానికైనా బతకాలి అన్నది దాని సారం. చికిత్స వేరు, తీర్పు వేరు. ఆ రెండింటినీ ఒక్కటి చేసి, వైద్యాన్ని నాకు నేనే నిరాకరించుకుని, ఎవరూ వేయని శిక్షను వరండాలో నిలబడి వేసుకున్నాను.

మోటారు వాహనాల చట్టం 1988లో 134వ సెక్షను డ్రైవరు చేయవలసిన పనులను చెబుతుంది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. జనం ఆగ్రహం వంటి తన చేతిలో లేని కారణం ఉంటే తప్ప దీని నుంచి మినహాయింపు లేదు. అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపల, దగ్గరి స్టేషనులో చెప్పాలి. బీమా కంపెనీకి తెలియజేయాలి. అదే సెక్షను డాక్టరును కూడా లాంఛనాలకోసం ఆగకుండా వెంటనే చికిత్స చేయమంటుంది. వీటిలో ఏదీ నేను త్యాగం చేసి చేసిన పని కాదు, చేసి తీరవలసినవే. అయితే గుద్దినవాడు తన గాయం దాచాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆస్పత్రిలో నమోదైతే కేసు బిగుసుకుంటుందన్న భయంతో దొంగచాటుగా ఆర్ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని ఇంటికి పోయేవారి గురించి మా అవుట్‌పోస్టు కానిస్టేబులే చెప్పాడు. ఎం.ఎల్.సి.లో డాక్టరు రాసేది గాయం ఎక్కడ, ఎంత, దేనివల్ల అయివుండవచ్చు అన్నంతవరకే. తప్పొప్పులు తేల్చేది కోర్టు. నా మీద అప్పటి శిక్షాస్మృతిలోని 279, 338 సెక్షన్ల కింద కేసు పెట్టారు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే నేరాలు 281, 125 సెక్షన్ల కింద ఉన్నాయి. నేను నేరం ఒప్పుకుని జరిమానా కట్టాను. నేను ఆస్పత్రిలో చేరడంవల్ల ఆ కేసు పెరగనూ లేదు, తరగనూ లేదు.

డబ్బు సంగతి కొంత చెప్పాలి. కారుకు తప్పనిసరిగా కట్టే థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికోసమే. తప్పు చేసిన డ్రైవరు చికిత్సకు అందులో నుంచి రూపాయి రాదు. దానితోపాటు యజమాని అయిన డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. ఆస్పత్రి ఖర్చుకు కాదు. ఆరోగ్య బీమా దారి వేరు. మాకు ఆ పాలసీ అమ్మిన ఏజెంటు, సొంత తప్పువల్ల జరిగిన ప్రమాదానికి క్లెయిము రాదని మా ఆవిడతో ఫోనులో చెప్పేశాడు. ఆమె పాలసీ కాగితాలన్నీ ముందేసుకుని చదివింది. మద్యం మత్తు, నేర ఉద్దేశంతో చట్టాన్ని ఉల్లంఘించడం మినహాయింపుల్లో ఉన్నాయి. నిద్రమత్తులో పొరపాటున జరిగిన ప్రమాదం లేదు. పెద్దాసుపత్రిలో మాకు బిల్లు కాలేదు గాని, డిశ్చార్జి తరువాత బయట తీయించుకున్న స్కానింగుల ఖర్చు ఎం.ఎల్.సి. నకలు, డాక్టరు రాసిన కాగితం జతపరిస్తే ఆ పాలసీలోనే వచ్చింది. వరండాలో వద్దన్న ఎం.ఎల్.సి.నే తరువాత జతచేయవలసి వచ్చింది. 2025 మే 5 నుంచి కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని అమల్లోకి తెచ్చింది. మోటారు వాహనంవల్ల ఏ రోడ్డు మీద గాయపడినా, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజులపాటు, గుర్తించిన ఆస్పత్రుల్లో చికిత్స అందించాలన్నది దాని ఏర్పాటు. మొదట ఆగిన ఆ ఆస్పత్రి కౌంటరు గుర్తుకు వచ్చినప్పుడల్లా ఇది ప్రతి కౌంటరు దగ్గరా పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలనిపిస్తుంది.

శరీరం తేరుకున్నంత తొందరగా మనసు తేరుకోలేదు. జులైలో కళాశాలకు వెళ్ళడం మొదలుపెట్టాను గాని, వెనక నుంచి టీవీఎస్ బండి చప్పుడు వినిపిస్తే చేతులు చల్లబడేవి. కళ్ళు మూస్తే మట్టి చెయ్యి, కాయలు. తప్పు చేసినవాడికి నిద్రపట్టకపోవడం సహజమే కదా, దానికి కూడా మందులా అనుకుని మళ్ళీ అదే పొరపాటు చేయబోయాను. ఈసారి మా ఆవిడ ఊరుకోలేదు. 14416కు, ప్రభుత్వ మానసిక సహాయ ఫోను అయిన టెలీ మానస్‌కు, తనే ఫోను కలిపి నా చేతికిచ్చింది. తెలుగులోనే మాట్లాడారు. వాళ్ళ సలహా మీద మానసిక వైద్యుని దగ్గరకు వెళితే, ప్రమాదానికి కారణమైనవారిలో కూడా ఇటువంటి భయాలు, కలలు వస్తాయని, అపరాధ భావన వాటిని మరింత లోతుకు తోస్తుందని, చికిత్స తీసుకుంటే తగ్గుతాయని చెప్పారు. కొద్ది రోజులు మాత్రలు, నాలుగు నెలలు మాటలు. మళ్ళీ స్టీరింగు పట్టడానికి ఏడాది పట్టింది. రాత్రి నిద్ర లేకుండా ఇప్పటివరకు పట్టలేదు, పట్టను.

ఆయన కాలికి ఆరోగ్యశ్రీ కింద ఆపరేషను చేసి రాడ్డు వేశారు. నేను మంచం దిగడానికి అనుమతి వచ్చిన రోజు, గోడ పట్టుకుని, ఎముకల వార్డుకు వెళ్ళాను. తప్పు నాదేనని, నిద్రపోయానని చెప్పాను. ఆయన చాలాసేపు పైకప్పుకేసి చూసి, "మీక్కూడా లోపల దెబ్బంట గదా" అన్నారు. స్ట్రెచరు మనిషి చెప్పాడట. ఆయన భార్య నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు. ఆమె మాట్లాడాలని నేను ఆశించకూడదు. ఆ మామిడికాలం ఆదాయమంతా పోయింది, తరువాతి కాలంలో కూడా ఆయన చెట్టెక్కలేకపోయారు. బీమా కాగితాలన్నీ నేనే తీసుకుపోయి వాళ్ళ వకీలుకు ఇచ్చాను. ట్రిబ్యునలు తీర్పు వచ్చేదాకా ఇంటి ఖర్చులకు నేనిచ్చిన దాన్ని ఆయన అప్పుగానే తీసుకుంటానని పట్టుబట్టి, నోటు పుస్తకంలో తేదీలతో సహా రాసుకున్నారు.

నా ఆఖరి పరీక్ష మూడు నెలల తరువాత అదే ఆస్పత్రిలో జరిగింది. స్కానింగులో చీలిక పూడిపోయింది. ఆ రోజు గదిలో ఉన్నది వేరే డాక్టరమ్మ. ఇంకా ఎక్కడైనా నొప్పి ఉందా అని తల ఎత్తకుండానే అడిగారు. దగ్గినప్పుడు డొక్కలో కలుక్కుమంటుందని, ఎడమవైపు తిరిగి పడుకోలేనని, రాత్రిళ్ళు మెలకువ వస్తుందని, ఆ మెలకువలో ఏం కనిపిస్తుందో కూడా వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆవిడ కలం పట్టుకుని, ఒక్కొక్కటే రాసుకున్నారు.

వచ్చే నెలలో ఆయన కాలిలోని రాడ్డు తీస్తారు. పోయిన ఆదివారం ఉలవపాడు వెళ్ళినప్పుడు ఆయనే తేదీ చెప్పారు. నేనూ ఆస్పత్రికి వస్తానన్నాను. వద్దనలేదు.